ఫర్మ్‌వేర్ చెయ్యి వదిలే చోటు

చిరంజీవి బిడ్డకు,

రిస్క్-ఫైవ్‌కు యూఈఎఫ్ఐ బూట్ తెచ్చిన ప్యాచ్‌లు చదువుతున్నవని, వాటిని ఎట్లా తూచాలో తెలుస్తలేదని రాసినవు. అతీశ్ పాత్ర ముందుండి నడిపిన ఆ పని 2020 డిసెంబర్‌లో లినక్స్ 5.10తో బయటికొచ్చింది. వాటిని నడిపి చూడటానికి బోర్డు కొనాల్సిన పని లేదు. దోమకొండలో ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీద క్యూఈఎంయూ ఎమ్యులేటర్ నడిస్తే చాలు.

కొత్తగా చేరిన వరుసల దగ్గర మొదలుపెట్టకు. ఫర్మ్‌వేర్ ఏ స్థితిలో యంత్రాన్ని వదులుతుందో, కెర్నల్ ఏ స్థితిలో కోరుతుందో ముందు కాగితం మీద రాసుకో. యూఈఎఫ్ఐ మన కోడ్‌ను పిలిచినప్పుడు ఏ0 రిజిస్టర్‌లో ఇమేజ్ హ్యాండిల్, ఏ1లో సిస్టమ్ టేబుల్ ఉంటాయి. కెర్నల్ మాత్రం ఏ0లో తాను నడుస్తున్న కోర్ నంబరు, అంటే హార్ట్ ఐడీ, ఏ1లో డివైస్ ట్రీ చిరునామా కావాలంటది. ఎంఎంయూ ఆగి ఉండాలంటది. కెర్నల్ ఇమేజ్‌లోనే ఉండే ఈఎఫ్ఐ స్టబ్ చేసే పనంతా ఈ తేడాను పూడ్చడమే. అందుకే చివర ఎంఎంయూను ఆపడానికి శాట్‌ప్ రిజిస్టర్‌లో సున్నా రాసి కెర్నల్‌లోకి దూకుతుంది.

మరి హార్ట్ ఐడీ ఎక్కడి నుంచి వచ్చింది? యూఈఎఫ్ఐ దాన్ని రిజిస్టర్‌లో ఇవ్వలేదు కదా! మొదట డివైస్ ట్రీలోని చోజెన్ నోడ్ నుంచి చదివారు. డివైస్ ట్రీ లేకుండా ఏసీపీఐతో వచ్చే యంత్రం సంగతేమిటి? ఆ ప్రశ్నకు జవాబుగా 2022లో రిస్క్-ఫైవ్ ఈఎఫ్ఐ బూట్ ప్రోటోకాల్ చేరింది. రివ్యూలో నువ్వు వెతకాల్సింది ఇట్లాంటి ప్రశ్నల్నే. ఈ విలువ ఎవరిచ్చారు? ఇవ్వకపోతే ఏమైతది?

నాకు అన్నిటికన్నా ముచ్చటైన చోటు ఇమేజ్ మొదటి రెండు బైట్లు. యూఈఎఫ్ఐ గుర్తుపట్టాలంటే అవి 'ఎంజెడ్' అక్షరాలు కావాలి. యూఈఎఫ్ఐ లేకుండా బూట్ చేస్తే ప్రాసెసర్ వాటినే మొదటి ఆదేశంగా నడుపుతుంది. అదృష్టం బాగుండి ఆ రెండు బైట్లు ఎస్4 రిజిస్టర్‌లో మైనస్ 13 వేసే ఆదేశం అవుతాయి. అయినా అక్కడితో ఊరుకోవద్దు. ఆ సమయంలో ఎస్4లో దాచుకున్నది ఏదన్నా ఉందా అని అడిగి తీరాలి.

ఫర్మ్‌వేర్ బూట్ సేవలను ముగించే ఎగ్జిట్ బూట్ సర్వీసెస్ పిలుపు దగ్గర ఆగి ఆగి చదువు. మెమరీ మ్యాప్ తెచ్చుకున్నాక అది మారిందంటే దానితో వచ్చిన కీ చెల్లదు, పిలుపు విఫలమైతది. మళ్లీ మ్యాప్ తెచ్చుకొని మళ్లీ పిలవాలి. అది దాటినంక ఫర్మ్‌వేర్‌తో తెర మీద ఒక్క అక్షరం కూడా రాయించలేవు. ఇక్కడ తప్పు జరిగితే యంత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతది. అందుకే ఈ భాగాన్ని పరీక్ష కన్నా కళ్లే ఎక్కువ కాపాడాలి.

ఈ ప్యాచ్‌లలో కొన్ని ఆర్మ్ కోసం రాసిన కోడ్‌ను అందరికీ ఉమ్మడి చేశాయి. మన దోమకొండ గడికోట మరమ్మతుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ మెరిట్ అవార్డు వచ్చింది. అట్లాంటి పనిలో పాత గోడ బరువును ఎట్లా మోస్తున్నదో చూడకుండా కొత్త రాయి పెట్టరు. నువ్వూ ముందు ఆర్మ్64 బిల్డ్ చేసి బూట్ అయితున్నదా చూడు. ప్రతి ప్యాచ్ విడిగా కూడా బిల్డ్ కావాలి, లేకుంటే రేపు బైసెక్ట్ చేసేటోళ్లకు దారి తెగిపోతది.

ఆపమనడానికి జంకకు. లూంగ్‌ఆర్చ్ ఆర్కిటెక్చర్ 2022లో లినక్స్ 5.19లో చేరినా దాని ఈఎఫ్ఐ స్టబ్ 6.1 దాకా ఆగింది. ఆలస్యమైనా ఆ నిర్ణయం మంచిదే అంటాను. బూట్ పద్ధతి ఒకసారి లోపలికి వచ్చిందంటే దాన్ని ఏళ్ల తరబడి మోయాలి. 'రివ్యూడ్-బై' కింద నీ పేరుండాలంటే అర్థం కాని వరుస ఒక్కటీ మిగలకూడదు.

ఈ వారం ఒకే కెర్నల్‌ను యూ-బూట్ నుంచి రెండు తీర్ల లేపు, ఒకసారి నేరుగా, ఒకసారి ఈఎఫ్ఐ దారిలో. రెండు లాగ్‌లలో మెమరీ మ్యాప్ ఎక్కడ తేడాగా కనిపిస్తుందో గుర్తుపెట్టి నాకు రాయి.

మీ పెద్దనాన్న