గ్యాస్ డిటెక్టరు సున్నా చూపితే నమ్మవచ్చునా?

1997 సెప్టెంబరు 14 ఉదయం విశాఖపట్నం రిఫైనరీలో వంటగ్యాసు లీకై, అంటుకొని, సుమారు 60 మంది చనిపోయారు. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేలబారున పాకిపోతుంది. ఇటువంటి వాయువులను మనిషి ముక్కుకంటే ముందుగా పసిగట్టడానికే కర్మాగారాలలో స్థిరంగా బిగించిన గ్యాస్ డిటెక్టర్లు ఉంటాయి. ఫ్యాక్టరీ ట్రెయినింగుకు వెళ్ళిన విద్యార్థులు చూసే ఉంటారు: స్తంభానికి బిగించిన చిన్న పెట్టె, కిందికి చూసే మూతి. ఏడాది పొడుగునా సున్నాయే చూపుతుంది గనుక "మంచి డిటెక్టరు" అని దానికి పేరు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మండే వాయువులకు విరివిగా వాడే రకంలో రెండు చిన్న పూసలుంటాయి. ఒక్కొక్క పూసలో సన్నని ప్లాటినం తీగచుట్ట. ఒకదానికే ఉత్ప్రేరకం పూత. కరెంటు పంపి రెండింటినీ సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేస్తారు. గ్యాసు తగిలితే పూత ఉన్న పూస మీదనే మండుతుంది. తీగ వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది. ఈ తేడాను కొలిచేది మనం లాబులో కుస్తీపట్టిన వీట్‌స్టోన్ బ్రిడ్జియే! గ్యాసు లేనప్పుడు కంట్రోలు రూముకు 4 మిల్లీ ఆంపియర్లు, పూర్తి స్కేలుకు 20 వెళ్తాయి. స్కేలుమీద 100 అంటే గాలిలో ఆ వాయువు అంటుకోగల కనిష్ఠ పాలు. మీథేనుకు అది సుమారు 5 శాతం. మీటరు 20 చూపిందంటే గాలిలో మీథేను 1 శాతమే అన్నమాట. అలారం సాధారణంగా ఆ చుట్టుపక్కలే పెడతారు.

వైరు తెగితే కరెంటు 4కంటే కిందికి పడి ఫాల్టు దీపం వెలుగుతుంది. బాగానే ఉంది. కాని ఉత్ప్రేరకం చచ్చిపోతే? బ్రిడ్జి సమతూకంలోనే ఉంటుంది, 4 మిల్లీ ఆంపియర్లూ వస్తూనే ఉంటాయి. శుభ్రమైన గాలిలో ఉన్న మంచి పూసకూ, గ్యాసులో మునిగిన చచ్చిన పూసకూ మీటరుమీద తేడా కనిపించదు. గ్యాసు చూపించి తెలుసుకోవలసిందే.

పూసను చంపేవి చాలానే ఉన్నాయి. సీలెంట్లలో, కొన్ని స్ప్రేలలో ఉండే సిలికోను ఆవిరి కొద్దిగా సోకినా అది తిరిగి కోలుకోదు. సీసం సమ్మేళనాలూ విషమే. హైడ్రోజన్ సల్ఫైడు మందగింపజేస్తుంది, ఒక్కొక్కప్పుడు తేరుకుంటుంది. ఇక పెయింటరుగారు! స్తంభంతోపాటు డిటెక్టరు మూతికీ ఒక కోటు వేసి పోతాడు.

పరీక్షకు ముందు కంట్రోలు రూముకు చెప్పి, ఆ డిటెక్టరు ప్లాంటును ఆపకుండా ఇన్‌హిబిట్ పెట్టించాలి. శుభ్రమైన గాలిలో సున్నా చూసి, మూతికి టోపీ తగిలించి, సిలిండరునుంచి 2.5 శాతం మీథేను కలిసిన గాలిని తయారీదారు చెప్పిన వేగంతో పంపితే మీటరు 50 దగ్గరకు రావాలి. మిగిలిన భాగం గాలే కావాలి, నైట్రోజన్ పనికిరాదు. ఆక్సిజన్ లేనిదే పూసమీద ఏదీ మండదు. అందుకే గ్యాసు మరీ ఎక్కువైనా మీటరు వెనక్కి పడిపోతుంది. ఈ సంగతి తెలియక "లీకు తగ్గింది" అనుకుంటే కొంప మునిగినట్టే. సిగరెట్ లైటరు ఊది చూసే అలవాటు కొందరికుంది. ఎంత పాలు ఊదామో తెలియదు గనుక అది పరీక్ష కాదు, పైగా పూస పాడవుతుంది.

అన్నిటికంటె ముఖ్యం: స్క్రూ తిప్పకముందే వచ్చిన అంకెను రిజిస్టరులో వ్రాయాలి. చాలాచోట్ల స్క్రూ తిప్పేసి 50 అని వ్రాస్తారు. పేజీ నిండా 50లే! సెన్సారు ఆరునెలల్లో 50నుంచి 30కి జారిందన్న సంగతి ఆ స్క్రూ కింద సమాధి అయిపోతుంది. వాచీ పెట్టి, చివరి అంకెలో 90 శాతానికి చేరడానికి పట్టిన సెకన్లు కూడా వ్రాస్తే, మూతి జల్లెడ దుమ్ముతో పూడుతున్నదా అన్నది తెలుస్తుంది. ఎన్నాళ్ళకొకసారి చేయాలన్నది కూడా ఈ అంకెలనుబట్టే నిర్ణయించుకోవాలి: మొదట తరచుగా, నిలకడ కనిపించాక తయారీదారు గడువు దాటకుండా కాస్త ఎడంగా.

పరారుణ కిరణాల రకానికి విషాల బాధ లేదు గాని హైడ్రోజన్ దానికి కనిపించదు. క్లోరిన్ వంటివాటికి వాడే రసాయన ఘటాలు మన ఎండలకు త్వరగా ఆరిపోతాయి. వాటికీ గ్యాసుతోనే పరీక్ష.

టోపీ తీశాక రీడింగు సున్నాకు దిగేదాకా ఆగి, అప్పుడు ఇన్‌హిబిట్ తీయించాలి. ఇది మరచిపోతే సెన్సారు ఎంత బాగున్నా ప్లాంటుకు లేనట్టే. కనుక దీనికి రిజిస్టరులో వేరే గడి పెట్టి, షిఫ్టు ఇన్‌చార్జి చేత సంతకం చేయించడం మంచిది.