గుడి గోడలు చెప్పే చరిత్ర: విచారణ దేవాలయ గాథను చదవడం ఎలా?



“మీ విచారణకు ఎన్నేండ్లు?” అని ఎవరైనా అడిగితే మనం చటుక్కున గుడి గుమ్మం పక్కనున్న శిలాఫలకం వైపు చూస్తాం. దానిమీద ఏ సంవత్సరం ఉంటే అదే మన సంఘం పుట్టిన సంవత్సరం అనుకుంటాం. జూబిలీ లెక్కలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. కాని ఒక దేవాలయానికి సంవత్సరాలు ఒకటి కాదు, అనేకం. స్థలం కొన్న ఏడు వేరు, పునాది రాయి వేసిన ఏడు వేరు, తొలి పూజ జరిగిన ఏడు వేరు, ప్రతిష్ఠ జరిగిన ఏడు వేరు. వీటన్నింటికంటె ముందు, పందిరి కిందనో, ఒక ఇంటి వసారాలోనో నలుగురు విశ్వాసులు మొదటిసారి కలిసి ప్రార్థించిన రోజు మరొకటి ఉంటుంది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలోని మనవంటి చిన్న సంఘాలు తమ చరిత్రను ఎలా వెదుక్కోవాలో, ఎలా కాపాడుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

వంశవృక్షం తెలుసుకుందాం

ఏ ఇంటి చరిత్రకైనా మొదట తాతముత్తాతల పేర్లు కావాలి. తెలంగాణలోని విచారణల వంశవృక్షానికి సికింద్రాబాదు ఒక ముఖ్యమైన వేరు. 1806లో ఆంగ్లేయుల దండు విడిదిగా వెలసిన ఆ ఊళ్ళో సిపాయిలలో ఐర్లాండు దేశపు కతోలికులు ఉండేవారు. అక్కడ 1840లో ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ పునీత మరియమాత దేవాలయ నిర్మాణం ప్రారంభించారు. అది 1850లో పూర్తయింది. 1851లో హైదరాబాదు అపోస్తలిక వికారియేట్ ఏర్పడినప్పుడు మర్ఫీగారే దాని అధిపతి. తరువాత ఆయన ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు పీఠాధిపతిగా వెళ్ళారు. ఆయన కట్టించిన గుడిని 2008లో జగద్గురువులు బసిలికా స్థాయికి హెచ్చించారు.

1855లో ఇటలీలోని మిలాను నుండి పీమే గురువులు హైదరాబాదు చేరుకున్నారు. 1886లో వికారియేట్ మేత్రాసనంగా మారింది. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. అప్పటివరకు హైదరాబాదు పీఠాధిపతిగా ఉన్న అల్ఫోన్సో బెరెత్తాగారు 1953లో వరంగల్ మొదటి పీఠాధిపతులై, 1985 వరకు సేవ చేశారు. కరీంనగర్ ప్రాంతం ఈ మేత్రాసనంలోనిదే. గోదావరికి ఆవలనున్న ఆదిలాబాదు ప్రాంతానికి 1999లో చాందా నుండి విడివడి, సీరో మలబారు సంప్రదాయానికి చెందిన ప్రత్యేక మేత్రాసనం వచ్చింది. ఒకే నదికి ఈ దరిని లాటిను ఆచారం, ఆ దరిని సీరో మలబారు ఆచారం. విశ్వాసం మాత్రం ఒక్కటే.

ఈ వరుస కేవలం పరీక్షలకు కంఠస్థం చేసే విషయం కాదు. 1945లో జ్ఞానస్నానం పొందిన తాతగారి వివరాలు కావాలంటే అప్పటికి వరంగల్ మేత్రాసనమే లేదని గుర్తుండాలి. కొత్త విచారణ విడివడినప్పుడు పాత నమోదులు సాధారణంగా తల్లి విచారణలోనే ఉండిపోతాయి. వంశవృక్షం తెలియనివారు ఎక్కడ వెదకాలో తెలియక తిరుగుతారు.

ఒక దేవాలయం, ఆరు సంవత్సరాలు

హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్పగారి ప్రధాన దేవాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు కనుక ఆ పేటకు ఆ పేరు వచ్చింది. ఫిరంగుల పేట పక్కనే శాంతి దూతల గంటలు మోగడం దైవచిత్తమే అనుకోవాలి.

1869లో ఆంటోనియో తల్యాబూయే అనే పీమే గురువు అక్కడ స్థలం కొన్నారు. మొదట లేచినవి మఠమూ, బడీ. 1870లో దేవాలయానికి పునాది రాయి వేశారు. నిర్మాణ బాధ్యతను లుయీజీ మల్బెర్తి గురువులు వహించారు. 1875లో క్రిస్మస్ పండుగనాడు అందులో పూజ జరిగింది. 1887లో అది ప్రధాన దేవాలయం అయింది. 1891లో ముఖభాగమూ రెండు గోపురాలూ పూర్తయ్యాయి. 1892లో ఇటలీ నుండి ఐదు గంటలు వచ్చాయి.

లెక్క చూడండి. స్థలం కొన్ననాటి నుండి గంటలు మోగేనాటికి 23 ఏండ్లు గడిచాయి. మొదటి పూజనాటికి గోపురాలు లేవు, ఆ గంటలు లేవు. అయినా ఆ గుడి గుడి కాకపోలేదు. మన పల్లెల్లో రేకుల కప్పు కింద పూజ జరుగుతున్నదని చిన్నబుచ్చుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండవ పాఠం మరొకటి ఉంది. ఆ కొండమీద గుడికంటె బడి ముందు లేచింది. కాబట్టి చరిత్ర రాసేవారు గుడి పునాది దగ్గర ఆగిపోకుండా దానికి ముందు అక్కడ ఏమి నడిచిందో అడగాలి. బడి నడిచిందా? మందుల గది నడిచిందా? ఉపదేశిగారి ఇల్లు ఉండేదా?

శ్రీసభ చట్టం ఏమంటుంది?

1983లో వెలువడిన శ్రీసభ చట్టం 515వ సూత్రం ప్రకారం విచారణ అంటే కట్టడం కాదు. అది గురువుకు అప్పగింపబడిన విశ్వాసుల స్థిరమైన సంఘం. 1214వ సూత్రం ప్రకారం దేవాలయమంటే విశ్వాసులు దైవారాధనకు ప్రవేశించే హక్కు కలిగిన పవిత్ర కట్టడం. పునీత పేతురు తన మొదటి లేఖ రెండవ అధ్యాయంలో విశ్వాసులను సజీవ శిలలతో పోల్చింది ఇందుకే. సంఘం లేని కట్టడం మ్యూజియం అవుతుంది. కట్టడం పోయినా సంఘం నిలిస్తే మళ్ళీ గుడి లేస్తుంది.

అలాగని కట్టడాన్ని తేలికగా చూడమని చట్టం చెప్పలేదు. 1215వ సూత్రం ప్రకారం పీఠాధిపతుల లిఖిత అనుమతి లేనిదే దేవాలయం కట్టరాదు. 1216వ సూత్రం కట్టడంలోనూ మరమ్మతులోనూ తెలిసినవారి సలహా తీసుకోమంటుంది. 1218వ సూత్రం ప్రకారం ప్రతిష్ఠ జరిగిన తరువాత దేవాలయం పేరు మార్చకూడదు. 1222వ సూత్రం ప్రకారం ఒక దేవాలయాన్ని ఇతర పనులకు వదలివేసే నిర్ణయం పీఠాధిపతులది. అది కమిటీ ఒక సాయంత్రం కూర్చుని చేసే తీర్మానం కాదు.

మొదటి పుస్తకం: గోడలు

కట్టడాన్ని కూడా పుస్తకంలా చదవవచ్చు. గోడలమీద నాలుగు గాని పన్నెండు గాని శిలువ గుర్తులు ఉన్నవేమో చూడండి. ప్రతిష్ఠనాడు పీఠాధిపతులు పరిమళ తైలంతో అభిషేకించిన స్థానాలవి. బలిపీఠం వెనుక గోడకు ఆనుకొని ఉంటే అది రెండవ వాటికన్ మహాసభకు ముందటి ఏర్పాటు. 1963లో ఆరాధన గురించిన ప్రకటన వచ్చిన తరువాత బలిపీఠం ముందుకు జరిగింది, గురువు ప్రజలవైపు తిరిగారు, లాటిను స్థానంలో తెలుగు వినిపించింది. గుడిలో చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, నూనె దీపం, ఆరతి వంటి మన దేశాచారాలకు 1969లో రోము అనుమతి ఇచ్చింది. ఒక్క గదిలోనే ఈ మార్పుల గుర్తులన్నీ కనిపించవచ్చు.

పాత గోడ గానుగ సున్నంతో కట్టినదైతే దానిమీద సిమెంటు పూత వేయకండి. సున్నం గోడ తడిని పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది. సిమెంటు దానికి అడ్డుపడుతుంది. తడి లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. రెండేండ్లలో గోడ చెడిపోయి “పాతది పనికిరాదు, కూల్చేద్దాం” అనే మాట వస్తుంది. చెడగొట్టింది వయస్సు కాదు, మనం చేసిన మరమ్మతు. సున్నం గోడకు సున్నమే మందు.

రెండవ పుస్తకం: రిజిస్టర్లు

గుడిలో అతి విలువైనది వెండి పాత్ర కాదు, జ్ఞానస్నాన రిజిస్టరు. 1563లో త్రెంతు మహాసభ వివాహాలను పుస్తకంలో నమోదు చేయాలని గురువులను ఆదేశించింది. నేటి చట్టం 535వ సూత్రం ప్రకారం ప్రతి విచారణలో జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉండాలి. భద్రమైన అభ్యంగనం, వివాహం, గురుపట్టం వంటివి జ్ఞానస్నాన నమోదు పక్కనే రాయాలి. పాత రిజిస్టర్లను జాగ్రత్తగా కాపాడాలని ఆ సూత్రమే చివర హెచ్చరిస్తుంది.

ఎందుకింత పట్టుదల? మన దేశమంతటికీ ఒకే జననమరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. దానికి ముందు భూమి పట్టా లేని, బడి ముఖం చూడని కూలి తల్లి పేరు ఎక్కడ రాసి ఉంటుంది? పన్ను రికార్డులో ఉండదు, శాసనంలో ఉండదు. గుడి కట్టేనాడు తట్ట మోసినందుకు ఫలకంమీద ఆమె పేరు ఎవరూ చెక్కలేదు. కాని ఆమె తన బిడ్డను ఎత్తుకొని జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నిలిచిన రోజు గురువు ఆమె పేరు అడిగి సిరాతో రాశారు. చాలా కుటుంబాలకు ముత్తవ్వ పేరు మిగిలి ఉన్నది ఆ ఒక్క వరుసలోనే. చెదలు ఆ కాగితాన్ని తింటే ఆమె రెండవసారి మరణించినట్లే.

పాత రిజిస్టర్లు లాటినులో ఉంటాయి. భయపడనక్కరలేదు. కొన్ని మాటలు తెలిస్తే చాలు: ‘నాతుస్’ అంటే పుట్టాడు, ‘నాతా’ అంటే పుట్టింది, ‘ఫీలియుస్’ కుమారుడు, ‘ఫీలియా’ కుమార్తె, ‘పాత్రీనుస్’ జ్ఞానతండ్రి, ‘మాత్రీనా’ జ్ఞానతల్లి, ‘వీదువా’ విధవ, ‘ఓబీత్’ మరణించెను, ‘పారోకుస్’ విచారణ గురువు. మన పేర్లను ఇటలీ గురువులు తమ చెవికి వినిపించినట్లు రాసి ఉంటారు గనుక పైకి చదివి చూడండి, పేరు దానంతటదే తెలుస్తుంది. ఊరి చిరునామా విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1985లో మండలాలు రాకముందు మెట్‌పల్లి తాలూకా. 2016 వరకు కరీంనగర్ జిల్లా, ఆ తరువాత జగిత్యాల జిల్లా. 1956కు ముందైతే హైదరాబాదు రాష్ట్రం.

మూడవ పుస్తకం: పెద్దలు

ఇది అన్నిటికంటె త్వరగా మూతబడే పుస్తకం. పెద్దలను “ఏ సంవత్సరంలో?” అని అడిగితే చెప్పలేరు. “పోలీసు యాక్షన్‌కు ముందా, తర్వాతా?” అని అడగండి, 1948 దొరుకుతుంది. “పోచంపాడుకు నెహ్రూ రాళ్ళేసినప్పటికి గుడి ఉందా?” అనండి, 1963 దొరుకుతుంది. “గోదారి పెద్దగా పొంగిన ఏడా?” అంటే 1986. ఒకరి మాటను మరొకరి మాటతో, ఇద్దరి మాటనూ రిజిస్టరుతో సరిచూడండి. సరిపడనిచోట రెండూ రాయండి. గురువుల పేర్లతోపాటు ఉపదేశుల పేర్లు, మఠకన్యల పేర్లు, సున్నం కలిపిన మేస్త్రీ పేరు, భోజనాలు వండిన అవ్వల పేర్లు కూడా అడగండి. పొగడ్తకోసం లేని అద్భుతాలు చేర్చకండి. నిజం చాలు.

జీవనోపాధికోసం మన యువకులు గల్ఫు దేశాలకు వెళ్తున్నారు, కుటుంబాలు పట్నాలకు తరలుతున్నాయి. తిరిగివచ్చిన బిడ్డ “మన తాత ఎక్కడ జ్ఞానస్నానం పొందాడు?” అని అడిగితే మనం చూపించగలిగేది ఉండాలి. కొత్త గుడి కట్టవద్దని కాదు. సంఘం పెరిగితే కట్టవలసిందే. కాని కూల్చేముందు ఫోటోలు తీయండి, కొలతలు రాయండి, పునాది రాయిని, గంటను, పాత జ్ఞానస్నానపు తొట్టిని కొత్త గుడిలో గౌరవంగా నిలపండి. రిజిస్టర్లను పొడి గదిలో, ఇనుప బీరువాలో, నేలకు ఎత్తుగా పెట్టండి. విచారణ గురువుల అనుమతితో ప్రతి పుటకు నకలు తీయించండి. తాతలు తట్టలు మోసి మనకు గుడిని ఇచ్చారు. వారి పేర్లు మోయవలసిన వంతు మనది.

ఆలోచించండి, చర్చించండి

1. మన దేవాలయానికి సంబంధించి స్థలం, పునాది, తొలి పూజ, ప్రతిష్ఠ జరిగిన సంవత్సరాలలో మనకు ఎన్ని తెలుసు?

2. మన తల్లి విచారణ ఏది? అక్కడి రిజిస్టర్లలో మన కుటుంబాల పేర్లు ఉన్నాయా?

3. ఈ నెలలో మనం వెళ్ళి మాట్లాడవలసిన ముగ్గురు పెద్దలు ఎవరు?