పది తర్వాత ఏ దారి?

పదో తరగతి ఫలితాలు రాగానే వడమాలపేటలో మేము వినే మొదటి మాట, "ఏ గ్రూపు తీసుకుంటే ఉద్యోగం వస్తుంది సార్?" అనే. బిడ్డకు ఏది ఇష్టమో అడిగేవారు తక్కువ.

రామేశ్వరం బిడ్డ అబ్దుల్ కలాం గారికి ఆకాశంలో ఎగరడమంటే ప్రాణం. మద్రాసు ఎం.ఐ.టి.లో సీటు వచ్చినా, కట్టడానికి సుమారు వెయ్యి రూపాయలు లేవు. అక్క జోహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. చదువయ్యాక వాయుసేన ఎంపికలో ఎనిమిది ఖాళీలుంటే ఆయనది తొమ్మిదో స్థానం. పైలట్ కాలేదు, ఇష్టాన్ని వదలనూ లేదు. మన జిల్లా శ్రీహరికోట నుంచే ఆయన సారథ్యంలోని ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు 1979లో విఫలమై, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది.

అందుకే ప్రతి విద్యార్థినీ మూడు ప్రశ్నలు అడుగుతాము:

1. ఎవరూ చెప్పకుండానే నువ్వు ఇష్టంగా చేసే పని ఏది?
2. దానికి ఏ చదువు కావాలి? ఇంటరా, పాలిటెక్నిక్కా, ఐ.టి.ఐ.యా?
3. ఆ దారి మూసుకుంటే రెండో దారి ఏది?

దాతలారా, ఫీజు కట్టే ముందు ఈ ప్రశ్నలు మీరూ అడగండి. మీ సొమ్ము బిడ్డ ఇష్టపడిన చదువుకే చేరాలి. మీ సాయాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.