జాబితాలో లేదు, ఇమేజ్‌లో ఉంది

సాయంత్రం నగదు పుస్తకంలో నిల్వ తేలినంత మాత్రాన మనం ఇంటికి వెళ్లిపోం. నోట్లు లెక్కపెట్టి, ఆ నిల్వతో సరిచూస్తాం. రూటర్ల వంటి చిన్న పరికరాలలోని సాఫ్ట్‌వేర్‌కూ ఇదే పద్ధతి అవసరం.

ఇలాంటి పరికరాలు చాలావాటిలో లినక్స్ నడుస్తుంది. కెర్నెల్, లైబ్రరీలు, అప్లికేషన్లు అన్నీ కలిపి పరికరంలోకి ఎక్కించేదే ఫర్మ్‌వేర్ ఇమేజ్. మూల కోడ్ నుంచి దాన్ని తయారుచేసే సాధనం బిల్డ్ సిస్టమ్. బిల్డ్‌రూట్, యోక్టో ఇందుకు బాగా వాడుకలో ఉన్నవి.

బిల్డ్‌రూట్‌తో ఒక ఉదాహరణ చూద్దాం. దూరం నుంచి లాగిన్ కావడానికి డ్రాప్‌బేర్ అనే ప్యాకేజీ ఉంది. భద్రత దృష్ట్యా అది వద్దనుకుని, కాన్ఫిగరేషన్‌లో తీసేసి, మళ్లీ ‘మేక్’ నడిపారనుకోండి. ఎర్రర్ రాదు, కొత్త ఇమేజ్ వస్తుంది. పరికరం ఆన్ చేస్తే మాత్రం డ్రాప్‌బేర్ నడుస్తూనే ఉంటుంది!

కారణం ఏమిటంటే, ప్యాకేజీ అంతకుముందు టార్గెట్ ఫోల్డర్‌లో పెట్టిన ఫైళ్లను బిల్డ్‌రూట్ తనంతట తాను తొలగించదు. బదిలీ అయిన ఉద్యోగి పేరు హాజరుపట్టీలో కొట్టేసి, యూజర్ ఐడీ రద్దు చేయడం మరచినట్టే. ‘లీగల్ ఇన్ఫో’ ఆదేశం ఇచ్చే ప్యాకేజీల జాబితాలోనూ ఇది కనబడదు. ఆ జాబితా ప్రస్తుత కాన్ఫిగరేషన్‌ను బట్టి తయారవుతుంది.

రెండో లోపం లైబ్రరీలకు సంబంధించినది. 2014లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడింది, 1.0.1జి వెర్షన్‌లో దాన్ని సరిదిద్దారు. అయితే స్టాటిక్ పద్ధతిలో లింక్ చేసిన అప్లికేషన్ లోపలే లైబ్రరీ కోడ్ నకలు ఉంటుంది. లైబ్రరీని మాత్రమే మార్చి అప్లికేషన్‌ను తిరిగి బిల్డ్ చేయకపోతే, పాత లోపం అందులో అలాగే మిగిలిపోతుంది.

సరిదిద్దే విధానం ఇది:

1. ‘మేక్ క్లీన్ ఆల్’తో మొత్తం మొదటినుంచి బిల్డ్ చేయాలి. సమయం ఎక్కువ పట్టినా విడుదలకు ముందు ఇది తప్పనిసరి.

2. పాత, కొత్త ఇమేజ్‌లలోని ఫైళ్ల జాబితాలు తీసి పోల్చాలి. మన ఉదాహరణలో ‘ఎస్50డ్రాప్‌బేర్’ అనే స్టార్టప్ ఫైలు పోయిందో లేదో చూడాలి.

3. పరికరాన్ని బూట్ చేసి, ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో పరీక్షించాలి. డ్రాప్‌బేర్ మామూలుగా వాడేది 22వ పోర్టు.

పరికరాలు సరఫరా చేసే సంస్థ “ప్యాచ్ వేశాం” అని చెప్పినప్పుడు మనం రెండు ప్రశ్నలు అడగాలి. పూర్తిగా రీబిల్డ్ చేశారా? ఇమేజ్ తెరిచి చూశారా? ఎర్రర్ లేని బిల్డ్ పుస్తకంలోని నిల్వ వంటిదే. నోట్లు ఇంకా లెక్కపెట్టాల్సే ఉంటుంది.