నగరం కట్టి చూడు!
(కంప్యూటర్ ఆటల్లోని నగరాలు, ఆటగాళ్ల ఆశలు, అసంతృప్తులు)

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నగరం కట్టి చూడమని మాత్రం అనలేదు. అది మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదని వాళ్ల ఉద్దేశం కాబోలు. కాని 1989 నుంచి ఆ ముచ్చటా తీరుతోంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు. రోడ్లు వేయవచ్చు, కరెంటు తీగలు లాగవచ్చు, నీళ్ల గొట్టాలు పరచవచ్చు, జనం మీద పన్నులూ వేయవచ్చు. తిరగబడి అడిగేవాడు లేడు.

ఈ ఆటల్లో ఒక వింత ఉంది. వీటిని బాగా ఇష్టపడేవాళ్లే వీటిని బాగా తిడతారు. క్రికెట్ ఆటలో ఓడిపోతే మన చేతకానితనాన్ని తిట్టుకుంటాం. నగరం ఆటలో రోడ్డు స్తంభించిపోతే ఆట తయారుచేసినవాణ్ణి తిడతాం. ఎందుకిలా? ఆటగాడు కోరిందేమిటి, అతని చేతికి వచ్చిందేమిటి? ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని సైన్సు విద్యార్థి దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి నగరం

ఈ జాతి ఆటలకు దారి వేసినవాడు అమెరికాకు చెందిన విల్ రైట్. 1984లో ఆయన 'రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే' అనే హెలికాప్టర్ యుద్ధపు ఆట తయారుచేశాడు. బాంబులు వేయడానికి అందులో దీవులూ, కర్మాగారాలూ, రోడ్లూ ఉండాలి గదా! వాటిని గీయడానికి ఒక చిన్న పనిముట్టు రాసుకున్నాడు. తీరా చూస్తే ఊళ్లను కూల్చడంకన్నా కట్టడమే ఆయనకు సరదాగా తోచింది. ఆ సరదాయే పెరిగి పెరిగి 1989లో మాక్సిస్ సంస్థ ద్వారా 'సిమ్‌సిటీ' అయింది.

దాని లోపలి యంత్రాంగం చాలా చిన్నది. 120 గళ్ల పొడవు, 100 గళ్ల వెడల్పు, అంటే మొత్తం 12,000 గళ్ల పటం. నివాసం, వ్యాపారం, పరిశ్రమ అని మూడు రకాల మండలాలు. కాలుష్యం, నేరాలు, భూమి విలువ వంటివాటిని ఇరుగుపొరుగు గళ్ల ప్రభావాన్ని బట్టి లెక్కకడుతుంది. జనం విడివిడి మనుషులుగా ఉండరు, అంకెలుగా ఉంటారు. తెర మీద పరిగెత్తే కార్లు నిజానికి ఎక్కడికీ పోవు. అక్కడ రద్దీ ఉందని చెప్పే బొమ్మలు మాత్రమే అవి.

మరి రద్దీని ఎలా లెక్కిస్తుంది? ఒక మండలం నుంచి ఒక ప్రయాణం బయల్దేరుతుంది. దారి తప్పిన దూడలాగా రోడ్డు పట్టుకొని పోతూ, కూడలి వచ్చినచోటల్లా ఏదో ఒక వైపు తిరుగుతుంది. 30 గళ్ల లోపల తగిన గమ్యం తగిలితే ప్రయాణం ఫలించినట్టు, లేకపోతే లేదు. ఇంకో తమాషా ఏమంటే, రైలు పట్టాల మీద రద్దీని ఆ ఆట లెక్కలోకే తీసుకోదు. ఈ గుట్టు కనిపెట్టినవాళ్లు ఒక్క రోడ్డూ వేయకుండా అంతా పట్టాలే పరచి నగరాలు కట్టారు. వాటిలో రద్దీ అన్న మాటే లేదు! ఆటగాళ్లు దీన్ని చమత్కారంగానే చెప్పుకున్నారు. ఎందుకంటే ఆ ఆట తాను చిన్న బొమ్మనన్న సంగతి దాచుకోలేదు.

ఆటగాడి కోరికలు

ఆ తర్వాత 1993లో 'సిమ్‌సిటీ 2000', 1999లో 'సిమ్‌సిటీ 3000', 2003లో 'సిమ్‌సిటీ 4' వచ్చాయి. యంత్రాల శక్తి పెరిగింది, దాంతోపాటు ఆశలూ పెరిగాయి. ఆటగాళ్ల కోరికలను స్థూలంగా నాలుగుగా చెప్పుకోవచ్చు.

ఒకటి: కారణమూ ఫలితమూ కంటికి కనబడాలి. బడి కడితే చదువు పెరగాలి. పెరగకపోతే ఎందుకు పెరగలేదో తెలియాలి.

రెండు: పౌరుడు అంకె కాకూడదు, మనిషి కావాలి. వాడికో ఇల్లు, ఉద్యోగం, రోజూ పోయి వచ్చే దారి ఉండాలి.

మూడు: నగరం నగరమంత ఉండాలి. నాలుగు వీధులు వేయగానే పటం అయిపోకూడదు.

నాలుగు: డబ్బిచ్చి కొన్నాక ఆట నాది. నాకు తీరికైనప్పుడు, నా యంత్రం మీద అది ఆడాలి.

ఇందులో రెండో కోరికకూ మూడో కోరికకూ పొత్తు కుదరదు. వెయ్యిమందిని ఒక్కొక్కరినీ వెంబడించి, ఎవరు ఏ దారిన పోతున్నారో లెక్కకట్టడం సులభం. పది లక్షలమందిని అలా వెంబడించాలంటే వెయ్యి రెట్లు పని. దానికితోడు రోడ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి దారి వెతికే పని కూడా పెరుగుతుంది. కనుక తయారుచేసేవాడు ఏదో ఒకటి తగ్గించక తప్పదు. ఏది తగ్గించాడు, ఆ సంగతి చెప్పాడా లేదా అన్నదగ్గరే అసలు గొడవంతా.

2013: తేలిపోయిన లెక్క

2013 మార్చిలో ఈఏ సంస్థ కొత్త 'సిమ్‌సిటీ'ని విడుదల చేసింది. ఇందులో నీరు, కరెంటు, కార్మికుడు అన్నీ రోడ్ల మీద నిజంగా కదిలే పాత్రలేనని ప్రచారం జరిగింది. ఆటగాళ్లు ఉవ్విళ్లూరారు. కాని ఒంటరిగా ఆడుకోవాలన్నా ఇంటర్నెట్ తప్పనిసరి. మొదటిరోజు నుంచే సర్వర్లు జనాన్ని తట్టుకోలేక కూలబడ్డాయి. డబ్బు కట్టినవాళ్లు గంటలకొద్దీ గుమ్మం బయట నిలబడ్డారు. భారం తగ్గించడానికి ఆటలోని అత్యధిక వేగాన్ని కొన్నాళ్లు తీసేశారు. చివరికి సంస్థ పరిహారంగా మరో ఆటను ఉచితంగా ఇచ్చింది.

అంతటితో పోయినా బాగుండేది. లెక్కల్లో ముఖ్యమైన భాగం సర్వర్ల మీదనే జరుగుతుంది, ఇంటర్నెట్ లేకుండా ఆడించడం తేలిక కాదు అని సంస్థ చెప్పింది. కనెక్షన్ తెంచినా ఆట నడుస్తోందని ఆటగాళ్లు చేసి చూపించారు. ఏడాది తిరక్కుండానే కాదుగాని, సరిగ్గా ఏడాదికి, 2014 మార్చిలో సంస్థే ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే ఏర్పాటు చేసింది.

జనాభా సంగతి ఇంకా వింత. తెర మీద చూపించే జనాభాకూ లోపల నిజంగా కదిలే మనుషుల సంఖ్యకూ పొంతన లేదని ఆటగాళ్లు కనిపెట్టారు. నగరం పెరిగేకొద్దీ అంకెను పెంచి చూపించే ఒక ప్రమేయం ప్రోగ్రాములోనే దొరికింది. దాని పేరు 'గెట్ ఫడ్జ్డ్ పాపులేషన్'. మన భాషలో చెప్పాలంటే 'వండివార్చిన జనాభా తెచ్చిపెట్టు' అని! ఇక పౌరుడికి సొంత ఇల్లంటూ లేదు. పొద్దున బయల్దేరి ఏది ముందు తగిలితే ఆ ఉద్యోగంలో చేరేవాడు, సాయంత్రం ఏది ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో దూరేవాడు. పైగా పటం సుమారు రెండు కిలోమీటర్ల చదరం. నాలుగు కోరికలూ ఒక్క దెబ్బతో నేలకొరిగాయి. ఆ ఆటను తయారుచేసిన ఎమెరీవిల్ స్టూడియోను 2015లో మూసేశారు.

2015: హద్దులు తెలిసిన నగరం

అదే 2015 మార్చిలో ఫిన్లాండ్‌లోని టాంపెరె పట్టణం నుంచి కొలోసల్ ఆర్డర్ అనే చిన్న సంస్థ 'సిటీస్: స్కైలైన్స్' తెచ్చింది. ప్రచురించింది పారడాక్స్ సంస్థ. తయారుచేసినవాళ్లు పదముగ్గురే. 2022 నాటికి కోటీ ఇరవై లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇందులో లోపాల్లేవా అంటే, బోలెడు. ఆట గుర్తుంచుకోగల పౌరులు గరిష్ఠంగా 10,48,576. ఒకే సమయంలో రోడ్ల మీద కనబడగల మనుషులు 65,536. బళ్లు 16,384. ఈ అంకెలు ఎక్కడో చూసినట్టుందా? వరుసగా రెండు ఘాతం 20, రెండు ఘాతం 16, రెండు ఘాతం 14. కంప్యూటర్ జ్ఞాపకంలో కేటాయించిన గదుల సంఖ్యలన్నమాట. నగరం పూర్తిగా నిండితే పదహారుమందిలో ఒక్కడికే వీధిలోకి వచ్చే యోగం.

ఇంకో చిక్కు 'మరణ కెరటం'. ఆటగాడు ఆశకొద్దీ ఒకేసారి పెద్ద కాలనీ వేస్తాడు. ఒకే ఈడు జనం వచ్చి చేరతారు. ఒకేసారి ముసలివాళ్లవుతారు, ఒకేసారి పోతారు. శవవాహనాలు చాలవు, ఇళ్లు ఖాళీ అవుతాయి, నగరం కుదేలవుతుంది. ఊరంతా ఒకే వారంలో నాట్లు వేస్తే ఒకే వారంలో కోతలొచ్చి కూలీలు దొరకనట్టే. దీనికి మందు కూడా రైతుకు తెలిసిందే: దఫదఫాలుగా వేయడం.

ట్రాఫిక్ సంగతి సరేసరి. బండి బయల్దేరేటప్పుడే దారి లెక్కవేసుకుంటుంది, ముందున్న రద్దీని పట్టించుకోదు. ఆరు వరుసల రోడ్డు వేసినా బళ్లన్నీ తాము తిరగబోయే మలుపు వైపున్న ఒక్క వరుసలోనే బారులు తీరతాయి. చాలాసేపు ఇరుక్కున్న బండి చివరికి మాయమైపోతుంది!

ఇన్ని లోపాలుండి కూడా దీన్ని ఆటగాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. కారణం వెతికితే రెండు కనబడతాయి. మొదటిది, లోపాల హద్దులు తెలుసుకోవచ్చు. ఏ వీధిలో ఎందుకు ఆగిందో ఏ బండి మీద నొక్కినా దాని గమ్యం కనబడుతుంది. రెండోది, ఆటను మార్చుకోవడానికి సంస్థ తలుపు తెరిచిపెట్టింది. ట్రాఫిక్ తీరు మార్చే మార్పులను ఆటగాళ్లే రాసి పంచుకున్నారు. తొమ్మిది గళ్ల పటాన్ని ఇరవై అయిదుకు, ఎనభై ఒకటికి పెంచుకున్నారు. ఫిర్యాదు చేసేవాడి చేతికే పార ఇస్తే సగం ఫిర్యాదు పనిగా మారుతుంది.

2023: పళ్లున్నాయి, పస లేదు

ఇంత మంచిపేరు తెచ్చుకున్న సంస్థే 2023 అక్టోబరు 24న రెండో భాగాన్ని విడుదల చేసింది. వేగం విషయంలో తాము అనుకున్న లక్ష్యాన్ని అందుకోలేదని విడుదలకు ముందే ఒప్పుకొని మరీ విడుదల చేసింది. మంచి యంత్రాలు కూడా మూలిగాయి. ఆరా తీస్తే బయటపడినవాటిలో ఒకటి: చీమంత కనబడే పౌరుడి నోట్లో పళ్లు కూడా విడివిడిగా చెక్కి ఉన్నాయి. దూరం నుంచి చూసేటప్పుడు వాడవలసిన సాదా రూపాలు పాత్రలకు లేవు.

పళ్లయితే ఉన్నాయిగాని ఆర్థిక వ్యవస్థలో పస లేదన్నారు ఆటగాళ్లు. నగరం ఎంత నష్టంలో ఉన్నా ప్రభుత్వ సబ్సిడీ వచ్చి ఆదుకునేది. తప్పు చేసినా శిక్ష లేదు, ఒప్పు చేసినా ఫలం లేదు. మొదటి కోరిక అక్కడ దెబ్బతింది. 2024 జూన్‌లో ఆ సబ్సిడీలు తీసేసి లెక్కలు సవరించారు. అంతకుముందు మార్చిలో అమ్మకానికి పెట్టిన సముద్రతీరపు ఇళ్ల అనుబంధానికి వచ్చిన తిట్లకు ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పి, డబ్బు తిరిగిచ్చే ఏర్పాటు చేశారు. 2025 నవంబరులో రెండు సంస్థలూ విడిపోతున్నట్టు, 2026 ఆరంభం నుంచి ఐస్‌ఫ్లేక్ స్టూడియోస్ ఈ ఆట బాధ్యత తీసుకుంటున్నట్టు ప్రకటించారు.

ఫిర్యాదుకు రాని సంగతులు

ఇంతవరకు ఆటగాళ్లు గమనించి గోలచేసిన లోపాలు. ఎవరూ పెద్దగా గోలచేయనివి మరికొన్ని ఉన్నాయి. నా దృష్టిలో అవే ముఖ్యం.

2013 ఆట రూపకర్తల్లో ఒకరైన స్టోన్ లిబ్రాండే ఒక సంగతి చెప్పారు. అమెరికా నగరాల్లో కార్లు నిలిపే స్థలాలను కొలిచి చూస్తే అవి ఎంత పెద్దవో తెలిసి ఆశ్చర్యపోయారట. వాటిని ఉన్నదున్నట్టు పెడితే ఆట నిండా ఖాళీ స్థలాలే ఉంటాయని తగ్గించేశారు. తగ్గించడం తప్పుకాదు. కాని ఆ నగరాన్ని చూసి కార్లకు చోటే అక్కర్లేదనుకుంటే అది మన అజ్ఞానం.

విల్ రైట్‌కు ప్రేరణ ఇచ్చినవాటిలో జే ఫారెస్టర్ 1969లో రాసిన 'అర్బన్ డైనమిక్స్' ఒకటి. నగరాన్ని సమీకరణాలుగా రాసి కంప్యూటర్ మీద నడిపించిన గ్రంథమది. పేదల కోసం చవక ఇళ్లు కట్టడంవంటి పథకాలు నగరానికి మేలుకన్నా కీడే చేస్తాయని ఆ నమూనా తేల్చింది. నగరం చుట్టూ ఉన్న శివారులను లెక్కలోకి తీసుకోనప్పుడు ఫలితం ఎలా నమ్మమంటారని విమర్శకులు నిలదీశారు. యంత్రం తప్పు లెక్క చేయలేదు. దాని చేతికిచ్చిన ఊహలను బట్టి అది జవాబు చెప్పింది, అంతే.

అన్నిటికన్నా పెద్ద ఊహ ఆట మొదటి క్షణంలోనే ఉంది. ఆట తెరవగానే పచ్చటి నేల ఖాళీగా కనబడుతుంది. ఆ నేల ఎవరిది? 'స్కైలైన్స్'లో కొత్త గడి కావాలంటే డబ్బు కట్టాలి. ఎవరికి కడుతున్నామో మాత్రం ఆట చెప్పదు. అమ్మినవాడి ముఖం కనబడదు. సేద్యం చేసే ఇళ్ల నుంచి వచ్చిన మాబోటివాళ్లకు ఇది వెంటనే కంట్లో పడుతుంది. మన అమరావతి కోసం 2015లో భూసమీకరణ జరిగినప్పుడు 29 గ్రామాల పరిధిలో ముప్పై వేలకు మించిన ఎకరాలు రైతుల చేతుల మీదుగా వచ్చాయి. నిజమైన నగరం ఏదీ ఖాళీ నేల మీద లేవదు. ఒకరి పొలం మీద, ఒకరి చెరువు మీద, ఒకరి దారి మీద లేస్తుంది. ఆటలో ఈ అధ్యాయం లేదు. లేదన్న ఫిర్యాదూ తక్కువే.

ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక వాస్తుశాస్త్ర విద్యార్థి 'సిమ్‌సిటీ 3000'లో అరవై లక్షల జనాభాతో 'మాగ్నసాంటి' అనే నగరం కట్టాడు. 2010లో అది ప్రపంచమంతా ప్రచారమైంది. జనాభా లెక్కలో తిరుగులేని నగరం. అందులో పౌరులు యాభై దాటి బతకరు, కదిలితే పోలీసు నిఘా. ఆట నియమాలనే పట్టుకొని చివరిదాకా పోతే ఎలాంటి నరకం తయారవుతుందో చూపించడానికే అతను అది కట్టాడు. ఒక్క అంకెనే విజయంగా పెట్టుకుంటే ఏమవుతుందో దానికన్నా బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

మనకేమిటి?

భౌతికశాస్త్రంలో ఘర్షణ లేని తలం, ద్రవ్యరాశి లేని తీగ అని మొదట్లోనే రాసుకుంటాం. ఆ వాక్యం రాశాం గనుకనే తర్వాతి లెక్క నిజాయితీగల లెక్క అవుతుంది. ఆటగాడు సహించలేనిది చిన్న నమూనాను కాదు, తన చిన్నతనాన్ని దాచుకునే నమూనాను. పట్టాల కిటుకుకు నవ్వుకున్నవాళ్లే వండివార్చిన జనాభాకు మండిపడటంలో అర్థమిదే.

రేపు మనలో కొందరు వాతావరణానికో, పంటలకో, రోగాల వ్యాప్తికో, నిజమైన నగరాలకో నమూనాలు తయారుచేస్తారు. మిగతావాళ్లం వాటి ఫలితాల కింద బతుకుతాం. ఏ నమూనా ఎదురైనా మూడు ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకుందాం. ఇందులో ఏమి వదిలేశారు? వదిలేసినట్టు చెప్పారా? వదిలేసినదాంట్లో ఎవరున్నారు?

ఆసక్తిగల మిత్రులకు ఒక మాట. మొదటి 'సిమ్‌సిటీ' ప్రోగ్రామును 2008లో 'మైక్రోపోలిస్' పేరుతో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ప్రోగ్రామింగ్ కొద్దిగా వచ్చినవాళ్లెవరైనా తెరిచి చదువుకోవచ్చు. రద్దీ లెక్క ఎక్కడుందో వెతకండి. ఆ 30 గళ్లను 60 చేసి నగరం ఏమవుతుందో చూడండి. పట్టాల మీద కూడా రద్దీ పెట్టి చూడండి. ఆడుకున్నంతసేపు ఆడుకొని, ఆ తర్వాత విప్పి చూసినవాడికే ఆట పూర్తిగా సొంతమవుతుంది.