ఇంట కాఫీ కాచుట

మన కడలి యొడ్డు గ్రామములలో కాఫీ త్రాగక తెల్లవారి కయ్యకు పోవువారు అరుదు. అయినను పొడి ఖర్చు పెరుగుటేగాని రుచి కుదురుటలేదని పలువురు సభ్యులు మాతో ననిరి. అందుచే మేము ఒకే పొడిని, 20 గ్రాముల చొప్పున, మూడు విధముల కాచి చూచితిమి.

పొడిని నీటితో కలిపి తెరలించి గుడ్డలో వడగట్టుట మన యిండ్లలో వాడుక. రంగు చిక్కగ దిగును. కాని తెరలినకొలది వాసన ఆవిరితో పోయి చేదు మిగులును. అదే పొడిని, మరగించి దింపిన నీటిలో వైచి, మూతబెట్టి 5 నిమిషములు తాళి వడగట్టితిమి. చేదు చాల తగ్గెను. ఇక ఫిల్టరు: పై గిన్నెలో పొడిని మెల్లగ నదిమి, మరిగి దింపిన నీరు 150 మిల్లీలీటర్లు పోసి, 20 నిమిషములు కదల్పక విడువవలెను. ఈ డికాషనే మాకు మేలుగ తోచినది. తొందరపడువారికిది పనికిరాదు, వారు రెండవ పద్ధతి నవలంబించిన నష్టము లేదు.

అయితే ఇసకపల్లి ఉప్పుమళ్ల వైపు బావినీటితో కాచినప్పుడు మూడును చెడినవి. ఉప్పునీటికి ఏ పద్ధతియు మందు కాదు. కాఫీ మట్టుకైన మంచినీటి బిందె వేరుగ నుంచుకొనుడు.

పొట్లముపై చికోరీ పాలెంతయో చదివి కొనుడు. 49 శాతము వరకు చట్టము ఒప్పును. చికోరీ రంగు నిచ్చును గాని కాఫీ వాసన నీయదు. సగము చికోరీకి కాఫీ వెల యిచ్చుట యెందుకు?

బెల్లము వాడువారు పాలు దింపి కొంత చల్లారిన పిదపనే కలుపవలెను. పొయ్యిమీదనే వేసినచో పాలు విరుగును.