నిండు కోర్టు

బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50. మా రైతుల లెక్కలో చెప్పాలంటే పదకొండు సెంట్లకు కాస్త తక్కువ నేల. ఈపాటి జాగాలో ఆడపిల్లల్ని ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తనివ్వడానికి అమెరికా కాలేజీలకు దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు పట్టిందంటే నమ్ముతారా?

జేమ్స్ నైస్మిత్ 1891లో మాసాచుసెట్స్ రాష్ట్రంలో ఈ ఆట కనిపెట్టాడు. మరుసటి ఏడే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు దాన్ని తన విద్యార్థినులకు నేర్పింది. కాని కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరూ తమ గీత దాటరాదంది. ఎక్కువ పరుగెడితే ఆడవాళ్ళ ఒంటికి చేటని ఆ రోజుల్లో చాలామంది నమ్మకం. మా నాయనమ్మ పొద్దుగూకే దాకా నడుం వంచి నాట్లు వేసేది. అది ఒంటికి చేటని ఆమెకెవరూ చెప్పిన పాపాన పోలేదు!

1938 నుంచి మూడు భాగాలు రెండయ్యాయి. జట్టుకు ఆరుగురు: ముగ్గురు ఒక సగంలో బుట్టలో వేయడానికే, ముగ్గురు రెండో సగంలో అడ్డుకోవడానికే. అడ్డుకునే పిల్ల ఆట మొత్తంలో ఒక్కసారైనా బుట్టకేసి విసరడానికి వీల్లేదన్నమాట. కాలేజీ పిల్లలకు ఐదుగురి జట్టు, నిండు కోర్టు 1971లో గాని ఖాయం కాలేదు.

ఆ మరుసటి ఏడు, అంటే 1972లో, ఇల్లినాయి రాష్ట్రంలో ఏ.ఐ.ఏ.డబ్ల్యు. సంఘం 16 జట్లతో కాలేజీ మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్ పెట్టింది. గెలిచిందెవరనుకున్నారు? ఫిలడెల్ఫియా దగ్గర సన్యాసినులు నడిపే ఇమాక్యులేటా అనే చిన్న కాలేజీ! వాళ్ళ వ్యాయామశాల 1967లో కాలిపోయింది. కోచ్ కాథీ రష్‌కు జీతం ఏడాదికి 450 డాలర్లు. దారిఖర్చులకు పిల్లలు టూత్‌బ్రష్‌లు అమ్మారట. అయినా ఎనిమిదిమందే వెళ్ళగలిగారు. అంతకు కొద్దిరోజుల ముందే వెస్ట్ చెస్టర్ జట్టు చేతిలో 32 పాయింట్ల తేడాతో చిత్తయినవాళ్ళు, ఫైనల్లో అదే జట్టును 52–48తో ఓడించారు. తర్వాత రెండేళ్ళూ కప్పు వాళ్ళదే.

1982లో మగవాళ్ళ పోటీలు నడిపే ఎన్.సి.ఎ.ఎ. కూడా మహిళల టోర్నమెంటు మొదలుపెట్టింది. లూసియానా టెక్ 76–62తో చేనీ స్టేట్‌పై గెలిచింది. డబ్బున్న సంఘం వచ్చింది గదా, ఇక కొరత తీరిందనుకుంటాం. 2021లో సాన్ ఆంటోనియోలో మహిళల జట్లకు కసరత్తు కోసం ఒక్క స్టాండు డంబెల్స్ పెట్టారు. అదే సమయంలో మగ జట్లకు హాలు నిండా సామాను! సెడోనా ప్రిన్స్ అనే క్రీడాకారిణి దాన్ని వీడియో తీసి లోకానికి చూపాకే సామాను కదిలింది.

తమాషా ఏమిటంటే, అయోవా రాష్ట్రపు హైస్కూళ్ళలో కొన్ని 1993 దాకా ఆడపిల్లల చేత ఆ ఆరుగురి సగం కోర్టు ఆటే ఆడించాయి. ఆ రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన కైట్లిన్ క్లార్క్ 2024లో అయోవా యూనివర్సిటీని ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. సౌత్ కరోలినా 87–75తో గెలిచింది. టీవీలో చూసినవాళ్ళు సుమారు 1 కోటీ 89 లక్షలు. ఆ ఏడు మగవాళ్ళ ఫైనల్‌కు 1 కోటీ 48 లక్షలే. క్లార్క్ ఒక్కోసారి సగం గీతకు కాస్త ఇవతల నుంచే బుట్టలో వేసేది.